ఒకే పాట, ఇద్దరు జూలీలు: పాత హాలీవుడ్ మ్యూజికల్స్‌లో తెర ఎవరిది, గొంతు ఎవరిది?

పాతరీలు
శనివారం, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో నెలకొక ఆదివారం ఇరవై మందిమి ఒక చోట చేరి పాత సినిమాలు చూసి మాట్లాడుకుంటాం. వచ్చే నెల చూపించే వంతు నాది. 1930ల నుంచి 1960ల తొలినాళ్ల దాకా హాలీవుడ్‌లో వచ్చిన మ్యూజికల్స్‌ను ఎంచుకున్నాను. పాటలూ నృత్యాలూ బాగుంటాయన్నది ఒక కారణమైతే, ఆ పాటలూ అడుగులూ ఎవరి దగ్గర పుట్టాయో వారికి ఆ తెర మీద ఎంత చోటు దక్కిందో గమనించాలన్నది రెండో కారణం.

నిన్న రాత్రి రెండు దృశ్యాలను వెంటవెంటనే వేసుకుని చూశాను. పాట ఒకటే, పాత్ర ఒకటే, తీసిన స్టూడియో కూడా ఒకటే. మొదటిది 1946లో ఎంజీఎం తీసిన 'టిల్ ద క్లౌడ్స్ రోల్ బై'లోది. స్వరకర్త జెరోమ్ కెర్న్ జీవితకథగా తీసిన ఆ చిత్రం, ఆయన 'షో బోట్' నాటకాన్ని కుదించి చూపించడంతో మొదలవుతుంది. అందులో జూలీ పాత్రలో నల్లజాతి గాయని లీనా హార్న్ పడవ మీద నిలబడి ఒక పాట పాడి వెళ్లిపోతారు. రెండోది అదే నాటకాన్ని ఎంజీఎం 1951లో పూర్తి చిత్రంగా తీసినప్పటిది. అందులో జూలీ తెల్లజాతి తార ఆవా గార్డ్‌నర్. పెదవులు ఆమెవి, గొంతు అనెట్ వారెన్‌ది.

జూలీ కథ తెలిసినవారికి ఇందులోని విడ్డూరం వెంటనే తెలుస్తుంది. ఆమె ఒంట్లో నల్లజాతి రక్తం ఉంది, ఆ సంగతి దాచుకుని పడవ మీది నాటక బృందంలో నాయికగా ఉంటుంది, తెల్లజాతి భర్తతో కాపురం చేస్తుంటుంది. గుట్టు బయటపడగానే చట్టం పేరు చెప్పి ఆ ఇద్దరినీ పడవ దించేస్తారు. జాతి కారణంగా రంగస్థలం దిగిపోవలసి వచ్చిన నటి కథను తీస్తూ, ఆ పాత్రను ఐదేళ్ల కిందట తమ స్టూడియోలోనే పాడిన నల్లజాతి నటికి ఇవ్వలేదు. దీన్ని మా వాళ్లకు ఎలా వివరించాలి? నిబంధనలు అలా ఉండేవా, వ్యాపారమా, మనసులోని వివక్షా?

మూర్తి మాస్టారు
శనివారం, రాత్రి 10.25

పాతరీలు గారూ, మూడూ ఉన్నాయి, కానీ వాటిని కలిపి చెబితే అసలు సంగతి జారిపోతుంది కాబట్టి నిబంధనల దగ్గర మొదలుపెడతాను.

హాలీవుడ్ నిర్మాతలు 1930లో తమకు తామే ఒక నియమావళిని రాసుకున్నారు. 1934 నుంచి దాన్ని కఠినంగా అమలు చేశారు. తెల్లజాతి, నల్లజాతి వ్యక్తుల మధ్య లైంగిక సంబంధాన్ని తెర మీద చూపకూడదన్నది అందులో ఒక నిషేధం. 1956లో సవరణ జరిగేదాకా ఆ మాట పుస్తకంలో ఉంది. ఆ లెక్కన జూలీ కాపురమే తెరకెక్కకూడదు. కానీ 1936లో యూనివర్సల్ స్టూడియో 'షో బోట్' తీసింది, 1951లో ఎంజీఎం తీసింది, రెండింటికీ అనుమతి వచ్చింది. ఎందుకంటే 1936లో జూలీ వేషం వేసిన హెలెన్ మోర్గన్ కూడా తెల్లజాతి నటే. కథలో స్త్రీ మిశ్రమ జాతికి చెందినదే అయినా, తెర మీద తెల్లజాతి పురుషుడి పక్కన నిలబడింది తెల్లజాతి స్త్రీ అయితే అభ్యంతరం పలచబడిపోయేది. అంటే నిషేధం కాగితం మీద కథకు వర్తించినా, ఆచరణలో నటి ఒంటికి వర్తించింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 1951 చిత్రంలో ఆ పాత్రను లీనా హార్న్‌కు ఇచ్చి వెనక్కి తీసుకున్నారని కొందరు రాస్తుంటారు, అలా అనకండి. ఆమె ఆ పాత్రను కోరుకున్నారు, స్టూడియో ఇవ్వలేదు. అంతవరకు చెబితే చాలు, అది కూడా తక్కువ సంగతేమీ కాదు.

సరోజిని_కె
శనివారం, రాత్రి 11.05

ఆవా గార్డ్‌నర్ విషయంలో మరొక మెలిక ఉంది. లీనా హార్న్ ఎంజీఎంలో చేరిన కొత్తలో ఆమె ఒంటి ఛాయ తెర మీద మరీ తెల్లగా కనిపిస్తోందని, ఆమెను నల్లజాతి స్త్రీగా ప్రేక్షకుడు గుర్తుపట్టడం లేదని, 'లైట్ ఈజిప్షియన్' అనే కొత్త మేకప్ రంగును తయారు చేయించారట. తర్వాత అదే రంగును తెల్లజాతి తారలను ఇతర జాతుల స్త్రీలుగా చూపించడానికి వాడారని, జూలీ వేషంలో గార్డ్‌నర్‌కు పూసిందీ అదేనని హార్న్ చెప్పుకునేవారు. ఆమె కోసం కలిపిన రంగుకు ఆ పాత్ర దొరికింది గానీ ఆమెకు దొరకలేదు.

ఇక పాతరీలు గారు 'పాడి వెళ్లిపోతారు' అన్న మాట దగ్గర ఆగండి. 1942లో ఎంజీఎంతో ఒప్పందం కుదిరాక హార్న్ చేసిన చిత్రాలు వరసగా చూస్తే ఒకే పద్ధతి కనిపిస్తుంది. కథ నడుస్తుంటుంది, ఎవరో ఒక క్లబ్బుకో ప్రదర్శనకో వెళతారు, ఆమె మంచి గౌను వేసుకుని స్తంభానికి ఆనుకుని ఒక పాట పాడతారు, కథ మళ్లీ తన దారిన సాగుతుంది. కథలోని మనుషులెవరూ ఆమెతో మాట్లాడరు, ఆమె వారితో మాట్లాడరు. 'థౌజండ్స్ చీర్', 'జీగ్‌ఫెల్డ్ ఫాలీస్', 'వర్డ్స్ అండ్ మ్యూజిక్' చూడండి. ఇది దర్శకుల అభిరుచి కాదు, ఎడిటింగ్ ముందుచూపు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో స్థానిక సెన్సారు అభ్యంతరం చెబితే, ఆ ముక్క తీసేసి రెండు కొసలు అతికించినా కథకు వెంట్రుకవాసి నష్టం రాకూడదు. మెంఫిస్ నగర సెన్సారు బోర్డుకు 1928 నుంచి 1955 దాకా అధ్యక్షుడిగా ఉన్న లాయిడ్ బిన్‌ఫర్డ్ ఇలాంటి కత్తిరింపులకు పేరు మోసినవాడు. 1945లో 'బ్రూస్టర్స్ మిలియన్స్' అనే హాస్యచిత్రాన్ని, అందులో నల్లజాతి సేవకుడి పాత్రకు తెల్లవారితో మరీ చనువుందని ఏకంగా నిషేధించాడు.

నేను సంగీతం నేర్చుకున్న మనిషిని కాబట్టి నాకు బాధ కలిగించేది ఇది. మన చిత్రాల్లో పాట తీసేస్తే కథలో లోటు తెలుస్తుంది, లేదా పాటే పనికిమాలినదని తెలుస్తుంది. హార్న్ పాటలు తీసేస్తే ఏ లోటూ తెలియకూడదన్న షరతు మీదనే వాటిని చిత్రించారు.

రెండో_ఆట
ఆదివారం, ఉదయం 7.50

అందరూ ఒకే వైపు నుంచి మాట్లాడుతున్నట్టుంది కాబట్టి అవతలి వైపు నేను నిలబడతాను. ఎనభై ఏళ్ల కిందటి సినిమాలను నేటి కొలబద్దతో కొలవడం న్యాయమా? స్టూడియోలు ధర్మసత్రాలు కావు. దక్షిణాదిన హాలు యజమాని రీలు వెనక్కి పంపితే నష్టం స్టూడియోదే. అలాంటి రోజుల్లో ఒక నల్లజాతి గాయనికి దీర్ఘకాల ఒప్పందం ఇచ్చి, మంచి దుస్తులు వేసి, మంచి పాటలు పాడించారంటే అదొక ముందడుగు కాదా? స్తంభానికి ఆనుకున్నా సరే, కోట్లాది ప్రేక్షకులు ఆమెను చూశారు కదా. ఆనాటివారికి తప్పుగా తోచనిదాన్ని మనం ఈనాడు తప్పంటున్నాం.

కృష్ణాతీరం
ఆదివారం, ఉదయం 9.15

రెండో_ఆట గారూ, వ్యాపార లెక్క నిజమే, దాన్ని కాదనను. 'ఆనాటివారికి తప్పుగా తోచలేదు' అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఏ ఆనాటివారికి? నల్లజాతివారూ ఆనాటివారే కదా.

నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ సంగతి తీసుకోండి. 1936 'షో బోట్'లో మిసిసిపీ నది మీది ఆ ప్రసిద్ధ గీతాన్ని పాడింది ఆయనే. మూటలు మోస్తున్న రేవు కూలీగా, కెమెరా ఆయన చుట్టూ తిరుగుతుండగా పాడారు. ఆ పాటలో బతుకు మీద విసుగూ, చావంటే భయమూ ఉన్న మనిషి నిట్టూర్పు ఉంటుంది. రోబ్సన్ తర్వాతి రోజుల్లో కచేరీల్లో ఆ పంక్తిని తానే మార్చి, చచ్చేదాకా పోరాడుతూనే ఉండాలి అన్న అర్థం వచ్చేలా పాడసాగారు. పాట మొదట్లో తన జాతివారిని కించపరిచే మాటనూ వదిలేశారు. పాట ఆయన రాసింది కాదు, హక్కులు ఆయనవి కావు, అయినా నోరు ఆయనదే కాబట్టి దిద్దారు. తప్పుగా తోచని మనిషి చేసే పనేనా ఇది?

హేజెల్ స్కాట్ ఇంకొక ఉదాహరణ. ట్రినిడాడ్‌లో పుట్టిన పియానో విద్వాంసురాలు. పనిమనిషి వేషాలు వేయనని, తెర మీద తాను తానుగానే కనిపిస్తానని పట్టుబట్టి ఒప్పందాలు రాయించుకున్నారు. 1943లో 'ద హీట్స్ ఆన్' అనే చిత్రంలో, యుద్ధానికి వెళుతున్న సైనికులకు వీడ్కోలు చెప్పే నల్లజాతి నర్తకీమణులకు మురికి ఏప్రన్లు కట్టించారు. ప్రియుణ్ని సాగనంపడానికి ఏ ఆడది మురికి గుడ్డ కట్టుకుని వస్తుందని ఆమె చిత్రీకరణ ఆపేశారు. మూడు రోజులు సెట్ మీద పని సాగలేదు. చివరికి మంచి గౌన్లు వచ్చాయి గానీ, ఆ తర్వాత హాలీవుడ్‌లో ఆమెకు అవకాశాలు దాదాపు మూసుకుపోయాయి.

ఇదంతా ఏకాభిప్రాయంతో జరిగిందని కూడా అనుకోకండి. 1942లో నల్లజాతి హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ హాలీవుడ్‌కు వచ్చి, ఎప్పుడూ పనిమనుషులుగా, భయపడే బంట్లుగా చూపించే అలవాటు మానమని స్టూడియో అధిపతులను కోరినప్పుడు, అప్పటిదాకా ఆ వేషాలతోనే ఇల్లు నడుపుకుంటున్న నల్లజాతి నటుల్లో కొందరు ఆయన తమ పొట్ట కొడుతున్నాడని మండిపడ్డారు. వారి కోపంలోనూ న్యాయముంది. మీ కార్యక్రమంలో ఈ తగవును దాచకుండా చెప్పండి.

రెండో_ఆట
ఆదివారం, ఉదయం 9.40

ఏప్రన్ల సంగతి నాకు తెలియదు. ఆ మాట ఉపసంహరించుకుంటున్నాను. అయితే ఒక ప్రశ్న మిగిలింది. 'స్వింగ్ టైమ్'లో తెల్లజాతి నర్తకుడు ఫ్రెడ్ ఆస్టెయిర్ ముఖానికి నల్లరంగు పూసుకుని ఆడిన నృత్యం నల్లజాతి నర్తకుడు బిల్ రాబిన్సన్‌కు నివాళి అంటారు. ఎగతాళి చేసే ఉద్దేశం లేని చోట కూడా దాన్ని తప్పుబట్టాలా?

నల్లంచు
ఆదివారం, మధ్యాహ్నం 2.30

నేను పదేళ్లు నృత్యం నేర్పిన మనిషిని కాబట్టి ఆ దృశ్యాన్ని అడుగుల వైపు నుంచి చూస్తాను. 1936 నాటి ఆ నృత్యంలో ఒక చోట తెల్లటి తెర మీద ఆస్టెయిర్ వెనుక మూడు పెద్ద నీడలు పడతాయి. నీడలు ఆయనతో సమంగా ఆడతాయి, తర్వాత ఆయన వేగం అందుకోలేక విసుక్కుని వెళ్లిపోతాయి. చిత్రీకరణ పనితనంగా అది ఈనాటికీ అబ్బురమే. పాట పేరులో ఉన్నది రాబిన్సన్ ముద్దుపేరు 'బోజాంగిల్స్'. అడుగుల శైలి మాత్రం మరొక నల్లజాతి నర్తకుడు జాన్ బబుల్స్‌కు దగ్గర. రాబిన్సన్ మునివేళ్ల మీద నిటారుగా ఆడేవాడు. బబుల్స్ మడమలను కిందికి దించి లయను సాగదీసేవాడు. అంటే ఒకరి పేరు, మరొకరి అడుగు, మూడోవాడి ముఖం, దాని మీద రంగు. గౌరవం ఉందనే ఒప్పుకుంటాను. ఆ గౌరవం పొందుతున్న ఇద్దరిలో ఒక్కరైనా ఆ నేల మీద లేరు, నీడలే ఉన్నాయి.

సరిగ్గా ముందు ఏడాది, 1935లో, రాబిన్సన్‌కు తెర మీద దొరికిన చోటు ఏమిటో చూడండి. 'ద లిటిల్ కర్నల్'లో ఆయన ఒక దొరవారింట్లో బట్లరు. చిన్నారి షిర్లీ టెంపుల్ పడుకోనని మారాం చేస్తే, ఆమె చేయి పట్టుకుని మెట్ల మీద టక్కుటక్కుమని ఆడుతూ మేడకు తీసుకెళతాడు. రంగస్థలం మీద ఏళ్ల తరబడి జనం టిక్కెట్లు కొని చూసిన ఆయన సొంత మెట్ల నృత్యమే అది. అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్లు, ఆ పిల్లకు ఆరు. నల్లజాతి పురుషుడూ తెల్లజాతి స్త్రీ కలిసి ఆడిన తొలి హాలీవుడ్ జంట వీరిదేనంటారు. ఆ 'స్త్రీ'కి ఆరేళ్లు ఉంటే తప్ప అది కుదరలేదు, పైగా ఆయన బంటుగా ఉండాలి. అయినా చేతులు పట్టుకున్న ముక్కను దక్షిణాదిన కత్తిరించారు.

మెట్లంటే ఇంకొక మెట్లు గుర్తొస్తాయి. 1943లో వచ్చిన 'స్టార్మీ వెదర్' చివర్లో నికొలస్ సోదరులు, ఫేయార్డ్, హెరాల్డ్, బల్లల మీదా వాద్యబృందం మధ్యా దూకుతూ వచ్చి పెద్ద పెద్ద మెట్ల వరస ఎక్కుతారు. అక్కడి నుంచి ఒకరి తల మీదుగా ఒకరు కింది మెట్టు మీదికి దూకుతారు. దూకినవాడు రెండు కాళ్లూ చెరోవైపు చాచి నేలకు అంటుకుపోతాడు, చేయి ఆనించకుండా లేస్తాడు, రెండోవాడు అతని మీదుగా దూకుతాడు. కింది దాకా ఇదే. మా శిష్యులకు చూపించినప్పుడు ఒక అమ్మాయి మూడుసార్లు వెనక్కి తిప్పించి, ఆ లేవడం ఎలాగో తేల్చుకోలేక కూర్చుండిపోయింది. వారికి గురువులు లేరు, తల్లిదండ్రులు నాటకశాలలో వాద్యకారులైతే ముందు వరసలో కూర్చుని చూసి నేర్చుకున్నారు. రాబిన్సన్ మెట్లకూ వీరి మెట్లకూ మధ్య ఎనిమిదేళ్లు. ఇక్కడ చేయి పట్టుకుని నడిపించవలసిన దొరబిడ్డ లేదు.

అయితే ఆ చిత్రంలో తెల్లవారే లేరని మరచిపోకూడదు. కత్తిరించడానికి వీలు లేని పాత్రలు కావాలంటే సినిమా మొత్తం నల్లజాతివారిదే కావాలి. 1943లో అలాంటివి రెండు వచ్చాయి, ఇదీ 'కాబిన్ ఇన్ ద స్కై'. విడి పాటగా ఉంటే కత్తెర, విడి సినిమాగా ఉంటే వెలి. 1948లో 'ద పైరేట్'లో తెల్లజాతి తార జీన్ కెల్లీ నికొలస్ సోదరుల పక్కన నిలబడి సమానంగా ఆడితే, ఆ నృత్యాన్ని కూడా దక్షిణాదిలో కొన్ని చోట్ల తీసేశారు.

సరోజిని_కె
ఆదివారం, సాయంత్రం 6.10

అడుగుల లెక్క నల్లంచు గారు తేల్చారు, గొంతుల లెక్క నేను చెబుతాను. పాతరీలు గారి ప్రశ్నలో సగం అక్కడే ఉంది.

నేపథ్యగానం మనకు కొత్త కాదు కాబట్టి, హాలీవుడ్‌లో అరువు గొంతు అనగానే మనం 'అయితే ఏమిటి' అంటాం. మన చిత్రాల్లో ఘంటసాల గారి పేరూ, సుశీల గారి పేరూ తెర మీద పడతాయి, రికార్డు మీద పడతాయి, గొంతు వినగానే హాల్లో చివరి బెంచీవాడు కూడా పేరు చెబుతాడు. హాలీవుడ్‌లో అది గుట్టు. మార్నీ నిక్సన్ 1956లో 'ద కింగ్ అండ్ ఐ'లో డెబొరా కెర్‌కూ, 1961లో 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో నటాలీ వుడ్‌కూ, 1964లో 'మై ఫెయిర్ లేడీ'లో ఆడ్రీ హెప్‌బర్న్‌కూ పాడారు. ఒక్క చిత్రంలోనూ టైటిల్స్‌లో ఆమె పేరు లేదు.

ఈ గుట్టు జాతి గీతను దాటినప్పుడు ఏం జరిగిందో చూడండి. 1954 నాటి 'కార్మెన్ జోన్స్' పూర్తిగా నల్లజాతి నటులతో తీసిన చిత్రం. నాయిక డొరొతీ డాండ్రిడ్జ్ వృత్తిరీత్యా గాయని, క్లబ్బుల్లో పాడి పేరు తెచ్చుకున్న మనిషి. నాయకుడు హ్యారీ బెలఫాంటే కూడా గాయకుడే, ఆ సంగతి చెప్పనక్కరలేదు. ఇద్దరి గొంతులనూ పక్కన పెట్టారు. డాండ్రిడ్జ్‌కు పాడింది అప్పటికి ఇరవై ఏళ్ల తెల్లజాతి అమ్మాయి మారిలిన్ హార్న్. ఈ చిత్రంలో వాడిన ఫ్రెంచ్ స్వరకర్త బీజే ఆపెరా బాణీలకు ఆపెరా గొంతులు కావాలన్న వాదన ఉంది, సంగీతపరంగా దాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. బెలఫాంటేకు పాడిన లవర్న్ హచర్సన్ నల్లజాతి గాయకుడే. అదే చిత్రంలో పెర్ల్ బెయిలీ సొంత గొంతుతో పాడిన పాట మిగతావాటి కంటే ప్రాణంతో ఉండడం మాత్రం నా చెవికి పదేపదే తెలుస్తుంది. ఆ పాత్రకే డాండ్రిడ్జ్ ఉత్తమ నటి ఆస్కార్‌కు పోటీపడ్డారు. ఆ విభాగంలో పోటీకి నిలిచిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆమె.

చిన్న పక్కమాట. అరువు గొంతు గుట్టును హాస్యంగా బయటపెట్టిన చిత్రం 1952 నాటి 'సింగింగ్ ఇన్ ద రెయిన్'. తెర వెనుక నుంచి డెబీ రేనాల్డ్స్ పాత్ర పాడుతుంటే, ముందున్న తార పెదవులు కదుపుతుంది. కానీ అందులో ఒక పాటలో ఆ రేనాల్డ్స్‌కే బెటీ నోయెస్ అనే ఆమె గొంతు అరువిచ్చారు, పేరు వేయలేదు. దొంగను పట్టుకున్న చేతికే మసి అంటింది.

డెట్రాయిట్_తెలుగు
ఆదివారం, రాత్రి 8.20

'వెస్ట్ సైడ్ స్టోరీ' ప్రస్తావన వచ్చింది కాబట్టి నేను కల్పించుకుంటున్నాను. న్యూయార్క్‌లో తెల్లకుర్రాళ్ల ముఠాకూ ప్యూర్టోరికో కుర్రాళ్ల ముఠాకూ మధ్య తగవు ఆ కథ. 2021లో వచ్చిన కొత్త చిత్రం చూశాక మా అమ్మాయికి 1961 చిత్రం చూపించాను. పది నిమిషాలు చూసి, "నాన్నా, ప్యూర్టోరికో వాళ్లందరి ముఖాలూ ఒకే రంగులో ఎందుకున్నాయి? అక్కచెల్లెళ్లా?" అంది. పిల్లకు తెలియకుండానే రీటా మొరేనో మాట అనేసింది. ఆ బృందంలో ముఖ్య పాత్రధారుల్లో నిజంగా ప్యూర్టోరికోలో పుట్టింది మొరేనో ఒక్కరే. మా దేశంలో తెల్లటివారి నుంచి నల్లటివారి దాకా అన్ని ఛాయలూ ఉంటాయి, నాకెందుకు ఈ ముదురు రంగు అని మేకప్ చేసేవారిని అడిగినా వినలేదని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పారు. ప్యూర్టోరికో స్త్రీ ప్యూర్టోరికో స్త్రీలా కనిపించడానికి ఆమెకే రంగు పూయవలసి వచ్చిందన్నమాట.

నాయిక నటాలీ వుడ్ రష్యా వలసదారుల బిడ్డ. ఆమె అన్న పాత్ర వేసిన జార్జ్ చకీరిస్ గ్రీకు మూలాలున్నవాడు. లండన్ రంగస్థలం మీద ఇదే నాటకంలో తెల్లకుర్రాళ్ల ముఠా నాయకుడిగా ఆడాడు. సినిమాకు వచ్చేసరికి ముఖానికి రంగు పూసి అవతలి ముఠాకు నాయకుణ్ని చేశారు. మనిషి అతనే, డబ్బా మారింది. అతనికీ మొరేనోకీ కూడా ఆస్కార్లు వచ్చాయి. నటన బాగుంది, అందులో సందేహం లేదు.

సినిమా మొదట్లో కనిపించే వీధుల సంగతి కూడా చెప్పాలి. 1960 వేసవిలో ఆ దృశ్యాలు తీసింది మన్‌హాటన్ పశ్చిమ భాగంలో, లింకన్ సెంటర్ కట్టడం కోసం కూల్చేస్తున్న పేటలో. సాన్ హువాన్ హిల్ అనే ఆ ప్రాంతంలో ఉన్నది ఎక్కువగా నల్లజాతివారూ ప్యూర్టోరికో వారూ. వారిని ఖాళీ చేయించిన వీధుల్లో వారి వేషం వేసినవారు ఆడారు.

కృష్ణాతీరం
ఆదివారం, రాత్రి 9.00

వేషం మాట వచ్చింది కాబట్టి కార్మెన్ మిరాండా గురించి నాలుగు మాటలు. తల మీద అరటిపండ్ల బుట్ట పెట్టుకున్న ఆమె బొమ్మ అందరికీ తెలుసు. ఆమె పుట్టింది పోర్చుగల్‌లో, పెరిగింది బ్రెజిల్‌లో. ఆ వేషం బ్రెజిల్‌లోని బయియా ప్రాంతంలో వీధుల్లో తినుబండారాలు అమ్మే నల్లజాతి స్త్రీల కట్టూబొట్టూ. యుద్ధకాలంలో దక్షిణ అమెరికా దేశాలతో స్నేహం కావాలని అమెరికా ప్రభుత్వం తలచినప్పుడు, ఫాక్స్ స్టూడియో ఆ ఒక్కరినే అర్జెంటీనాకూ, బ్రెజిల్‌కూ, క్యూబాకూ అన్నిటికీ ముఖంగా నిలబెట్టింది. 1940లో ఆమె రియోకు తిరిగి వెళ్లి పాడితే సొంత జనం మౌనంగా కూర్చున్నారు. అమెరికాదానివైపోయావన్నారు. ఆ నిందకు ఆమె పాటతోనే జవాబు చెప్పారు. వలస వెళ్లిన మనవాళ్లు సెలవులకు ఊరొచ్చినప్పుడు వినే మాట కూడా ఇలాంటిదే కదా, డెట్రాయిట్ గారూ?

డెట్రాయిట్_తెలుగు
ఆదివారం, రాత్రి 9.05

ప్రతి రెండేళ్లకూ వింటాను. నాకు పాటతో జవాబు చెప్పే విద్య లేదు.

మూర్తి మాస్టారు
సోమవారం, ఉదయం 6.30

ఆసియా వారిని ఎవరూ తలవలేదు. 1961లోనే 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్' వచ్చింది. సాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ కథ. దాదాపు అందరూ ఆసియా మూలాల నటులే. నాన్సీ క్వాన్, జేమ్స్ షిగేటా, మియోషి ఉమెకీ. అంతకు మూడేళ్ల ముందే ఉమెకీ 'సయొనారా' చిత్రానికి ఆస్కార్ అందుకున్నారు, నటనకు ఆస్కార్ పొందిన తొలి ఆసియా స్త్రీ ఆమె. ఈ చిత్రాన్ని కొందరు పొగుడుతారు, కొందరు చైనావారి మీద పాత అచ్చులే పోసిందని విమర్శిస్తారు. నాకు రెండూ నిజమనిపిస్తాయి. చైనావారి పాత్రల్లో ఉన్నవారిలో పలువురు జపాన్ మూలాలవారు. పెద్దమ్మ పాత్ర వేసిన హ్వానిటా హాల్ ఆఫ్రికన్ అమెరికన్, 'సౌత్ పసిఫిక్' మ్యూజికల్‌లో టాంకిన్ (ఉత్తర వియత్నాం) స్త్రీగా నటించిందీ ఆమే.

అందులో నన్ను పట్టుకుని వదలనిది జాక్ సూ కథ. అసలు పేరు గోరో సుజుకి. యుద్ధకాలంలో జపాన్ మూలాలున్న అమెరికా పౌరులను నిర్బంధ శిబిరాల్లో పెట్టినప్పుడు యూటాలోని టోపాజ్ శిబిరంలో ఉన్నాడు. అక్కడ తోటివారికి పాటలు పాడి, నవ్వించి వినోదం పంచినవాడు. ఈ నాటకంలోకి వచ్చేటప్పుడు చైనా పేరు తగిలించుకున్నాడు, ఆ పేరే చివరిదాకా మిగిలిపోయింది. తెర మీద అతను విలాసంగా నవ్వుతూ నైట్‌క్లబ్ యజమానిగా తిరుగుతుంటే చూసేవారికి ఇవేవీ తెలియవు.

రెండో_ఆట
సోమవారం, ఉదయం 8.10

పాతరీలు గారూ, ఇన్ని విన్నాక మీరు ఈ సినిమాలు చూపించడమే మానేస్తారేమోనని భయం వేస్తోంది.

పాతరీలు
సోమవారం, రాత్రి 9.30

మానను. రెండో_ఆట గారూ, మీరు అడ్డుపడకపోతే ఏప్రన్ల కథ బయటికి వచ్చేది కాదు, అందుకు ధన్యవాదాలు.

రెండు గంటల కార్యక్రమం కాబట్టి ఒక్క చిత్రాన్నీ పూర్తిగా వేయడం లేదు. మొదట రెండు జూలీలు, మధ్యలో ఒక్క మాటా మాట్లాడకుండా. తర్వాత 1936 చిత్రం నుంచి రోబ్సన్ నది పాట. దాని వెనుకే, 'టిల్ ద క్లౌడ్స్ రోల్ బై' ముగింపులో తెల్లజాతి గాయకుడు ఫ్రాంక్ సినాట్రా తెల్లటి సూటు వేసుకుని, తెల్లటి ఎత్తైన వేదిక మీద నిలబడి అదే పాట పాడే ముక్క వేస్తాను. రేవు కూలీ నిట్టూర్పు అక్కడికి ఎలా చేరిందో ఎవరికి వారే చూసుకుంటారు. ఆ తర్వాత రాబిన్సన్ మెట్లు, 'వెస్ట్ సైడ్ స్టోరీ' డాబా మీది పాట, చివర నికొలస్ సోదరుల మెట్లు. రంగు పూసుకున్న ఆస్టెయిర్ నృత్యాన్ని వేయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. వేస్తే రాబిన్సన్ మెట్ల తర్వాతే వేస్తాను, ముందు కాదు.

నల్లంచు
సోమవారం, రాత్రి 10.00

వేయండి, ఆ క్రమంలోనే వేయండి. ఇంకొక మనవి. నికొలస్ సోదరుల దృశ్యాన్ని చాలామంది వాళ్లు బల్ల మీదికి దూకే చోటి నుంచి మొదలుపెడతారు. దానికి ముందు వాద్యబృంద నాయకుడు కాబ్ కాలొవే పాట ఉంటుంది, సోదరులు అప్పటికింకా ప్రేక్షకుల్లో ఒక బల్ల దగ్గర కూర్చునే ఉంటారు. అక్కడి నుంచి వేయండి. కూర్చున్నవాళ్లు లేచి రావడం మీవాళ్లు చూడాలి.